పేటెంట్ విత్తనం చిన్న రైతుకు ఏ దారిలో వస్తే మేలు? పత్తి, వంకాయ, వరి చెప్పే లెక్క

జూన్ వస్తే మా ఇంట్లో పత్తి విత్తనాల లెక్క మొదలవుతుంది. ఎకరానికి రెండు ప్యాకెట్లు, ప్యాకెట్టు ఇంత, అప్పు ఎక్కడ తేవాలి. వరికి ఆ టెన్షన్ ఉండదు. నిరుడు దాచిన బస్తా ఉంటుంది, లేకపోతే పక్కింటి వాళ్ల దగ్గర మార్చుకుంటాం. ఆ బస్తాలోదీ శాస్త్రవేత్తలు తయారుచేసిన రకమే, పత్తిలాగే. మరి దానికి ఏటా డబ్బు కట్టాలి, దీనికెందుకు అక్కర్లేదు? ఎవర్ని అడిగినా "పేటెంటు" అంటారు. అది సగమే నిజం.

కంపెనీ చేతిలోనో, విశ్వవిద్యాలయం చేతిలోనో ఉన్న సాంకేతికత చిన్న కమతాలకు చేరడానికి మనం మూడు దారులు చూశాం. కంపెనీ రాయల్టీ తీసుకుని అమ్ముతుంది, ధర మరీ పెరిగితే ప్రభుత్వం పగ్గం వేస్తుంది. లేదా కంపెనీయే ఆ జన్యువును ప్రభుత్వ సంస్థకు ఉచితంగా ఇస్తుంది. లేదంటే ప్రభుత్వ శాస్త్రవేత్తలే మామూలు సంకరంతో ఆ గుణాన్ని మనకు అలవాటైన రకంలోకి తెస్తారు.

మొదటి దారి మనకు బాగా తెలిసిందే. కాయ పురుగును చంపే జన్యువును మట్టి బాక్టీరియా నుంచి తెచ్చి పెట్టిన బీటీ పత్తికి 2002 మార్చిలో అనుమతి వచ్చింది. మన విత్తన కంపెనీ మహికో, అమెరికా కంపెనీ మోన్‌శాంటో కలిసి పెట్టిన సంస్థ ఆ జన్యువును ఇక్కడి విత్తన కంపెనీలకు లైసెన్సు ఇచ్చి, ఆ గుణం వాడుకున్నందుకు ప్యాకెట్టుకు ఇంతని ట్రెయిట్ ఫీజు వసూలు చేసింది. 450 గ్రాముల ప్యాకెట్టు 1,600 రూపాయలు దాటిన రోజుల్లో అందులో 1,250 ఆ ఫీజే. అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గుత్త వ్యాపారాల కమిషన్‌కు వెళ్లింది. 2006లో కమిషన్ ఉత్తర్వు వచ్చాక రాష్ట్రంలో ప్యాకెట్టు 750కి దిగింది. మిగతా రాష్ట్రాలూ అదే బాట పట్టాయి. తర్వాత 2015లో కేంద్రమే ధరల నియంత్రణ ఉత్తర్వు తెచ్చి ఫీజును కోస్తూ వచ్చింది. 2016లో 49 రూపాయలు, 2020కి సున్నా.

ఇక్కడ చాలామంది గమనించని సంగతి ఒకటుంది. 2002లో వచ్చిన ఆ మొదటి బీటీ జన్యువుకు మన దేశంలో పేటెంటే లేదు. 2006లో వచ్చిన రెండు జన్యువుల బోల్‌గార్డ్-2కే పేటెంటు ఉంది. దాని మీద ఢిల్లీ హైకోర్టు నుంచి సుప్రీంకోర్టు దాకా పెద్ద పోరే నడిచింది. ఆ పేటెంటు గడువూ 2019లో తీరిపోయింది. పేటెంటు పోయింది, ఫీజు పోయింది. అయినా 2024లో ప్యాకెట్టు గరిష్ట ధర 864 రూపాయలు. అదీ ఏటా కొనాల్సిందే.

కారణం హైబ్రిడ్, అంటే రెండు వేర్వేరు రకాలను కలిపి తీసిన విత్తనం. ఆ ప్యాకెట్టు మొక్కల నుంచి గింజ తీసి మళ్లీ వేస్తే చేను రకరకాలుగా వస్తుంది, దిగుబడి పడిపోతుంది. అమెరికాలో సోయా గింజ దాచుకోకుండా కంపెనీ రైతు చేత సంతకం పెట్టించుకుంటుంది. దాచి విత్తిన ఒక రైతు కేసు 2013లో అక్కడి సుప్రీంకోర్టు దాకా వెళ్లి కంపెనీయే గెలిచింది. మన దగ్గర ఆ సంతకంతో పనే పడలేదు. 2001 నాటి మన మొక్కల రకాలు, రైతుల హక్కుల చట్టం విత్తనం దాచుకోవచ్చు, మార్చుకోవచ్చు, బ్రాండు పేరు పెట్టకుండా అమ్ముకోవచ్చు అంటుంది. చట్టం అవునంది గానీ హైబ్రిడ్ కుదరదంది.

సూటి రకంలో, అంటే గింజ దాచి మళ్లీ వేసుకోదగ్గ రకంలో, బీటీ పెట్టే ప్రయత్నం జరగలేదా అంటే జరిగింది. నాగపూర్‌లోని కేంద్ర పత్తి పరిశోధనా సంస్థ వాళ్ల బికనీరీ నర్మా బీటీ 2009లో రైతుల దాకా వచ్చింది. గింజ దాచుకోవచ్చన్నారు. కొన్నాళ్లకు అందులో ఉన్నది మోన్‌శాంటో జన్యువేనని తేలడంతో ఆపేశారు. తర్వాత లుధియానా వ్యవసాయ విశ్వవిద్యాలయం మొదటి బీటీ జన్యువుతోనే దాచుకోదగ్గ రకం తెచ్చింది. అప్పటికి పుష్కరం దాటిపోయింది. గులాబీ రంగు పురుగు ఆ ఒంటి జన్యువును ఎప్పుడో అరిగించుకుంది. ఉచితంగా వచ్చినా, పురుగు నేర్చుకున్నాక వస్తే రైతుకు ఏం లాభం?

(గులాబీ పురుగు అంత త్వరగా తట్టుకోవడంలో మా వంతూ ఉంది. బీటీ ప్యాకెట్టుతో పాటు 120 గ్రాముల నాన్ బీటీ పొట్లం ఇచ్చేవాళ్లు, చేను చుట్టూ వేయమని, వాటి మీద బతికిన మామూలు పురుగులు కలిస్తే బీటీని తట్టుకునే గుణం త్వరగా పెరగదని. మా ఇంట్లో అది ఎన్నో ఏళ్లు అటక మీదే ఉండేది.)

రెండో దారికి మంచి ఉదాహరణ బంగ్లాదేశ్ వంకాయ. మొవ్వు, కాయ తొలుచు పురుగు పట్టిన వంగతోట ఎలా ఉంటుందో మనకు చెప్పక్కర్లేదు. దాని కోసం వారానికి రెండు మూడు సార్లు మందు కొట్టే రైతులు అక్కడా ఉన్నారు. మహికో తన బీటీ జన్యువును బంగ్లాదేశ్ వ్యవసాయ పరిశోధనా సంస్థకు రాయల్టీ లేకుండా ఇచ్చింది. ఆ సంస్థ దాన్ని తన సొంత సూటి రకాల్లో పెట్టింది. 2013 అక్టోబరులో నాలుగు రకాలకు అనుమతి, 2014 జనవరిలో 20 మంది రైతులకు నారు. మొదటి ఏడాది కొన్ని తోటలు ఎండు తెగులుకు పోయాయి. బీటీ ఆపేది ఆ ఒక్క పురుగునే, తెగులును కాదు. ఆ ముక్క రైతుకు ముందే గట్టిగా చెప్పాల్సింది. తర్వాత చేసిన సర్వేల్లో పురుగుమందు ఖర్చు బాగా తగ్గినట్టు తేలింది. అన్నిటికంటే ముఖ్యం, ఆ రైతు గింజ దాచుకోవచ్చు.

అదే జన్యువును అదే కంపెనీ మన ధార్వాడ్, కోయంబత్తూరు వ్యవసాయ విశ్వవిద్యాలయాలకూ సూటి రకాల కోసం ఇచ్చింది. హైబ్రిడ్ల వ్యాపారం మాత్రం తనకే ఉంచుకుంది. 2010 ఫిబ్రవరిలో అప్పటి పర్యావరణ మంత్రి జైరాం రమేశ్, హైదరాబాదుతో సహా ఏడు నగరాల్లో సభలు పెట్టి అందరి మాటా విన్నాక, బీటీ వంకాయను నిలిపేశారు. భద్రత పరీక్షలు సరిపోలేదన్న వాదనలో బలం ఉంది, కాదనను. ఇంకో పేచీ కూడా నడిచింది. కర్ణాటక స్థానిక వంగ రకాలను అనుమతి లేకుండా వాడారని జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ 2011లో చర్యకు దిగింది. జన్యువు ఇచ్చినవాడు దాత అయితే, తరాలుగా ఆ వంకాయను కాపాడిన రైతును ఏమనాలి? దానం గురించి మాట్లాడేటప్పుడు ఈ ప్రశ్న ఎవరూ వేయరు.

నైజీరియాలో బొబ్బర్లకు కూడా ఇదే పద్ధతి. మరూకా అనే కాయ తొలుచు పురుగును తట్టుకునే జన్యువును మోన్‌శాంటో ఉచితంగా ఇచ్చింది, జారియాలోని పరిశోధనా సంస్థ దాన్ని రకంగా మలిచింది, 2019 చివర్లో అది నమోదైంది. విటమిన్-ఎ కోసం జన్యువులు చేర్చిన వరి, గోల్డెన్ రైస్ కథ మాత్రం వేరు. ఏడాదికి 10,000 డాలర్లలోపు సంపాదించే రైతుకు రాయల్టీ లేదని కాగితం మీద 2000 నాటి నుంచీ ఉంది. ఫిలిప్పీన్స్‌లో సాగుకు అనుమతి రావడానికి 2021 దాకా పట్టింది, 2024లో అక్కడి కోర్టు ఆపింది. లైసెన్సు ఉచితమైనంత మాత్రాన గింజ పొలానికి రాదు.

మూడో దారి మన మార్టేరు, బాపట్ల వ్యవసాయ పరిశోధనా కేంద్రాల మీదుగా పోతుంది. మార్టేరు వరి రకం స్వర్ణను అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థ తీసుకుని, ఒడిశా పాత వరి రకంలోని నీటి ముంపును తట్టుకునే గుణాన్ని సంకరం ద్వారా కలిపింది. స్వర్ణ సబ్-1 మన దేశంలో 2009లో విడుదలైంది. రెండు వారాలు మునిగినా తేరుకుంటుంది. బాపట్ల సాంబ మసూరికి హైదరాబాదు వరి పరిశోధనా సంస్థ, అక్కడి జీవశాస్త్ర పరిశోధనా కేంద్రం సీసీఎంబీ కలిసి బాక్టీరియా ఎండాకు తెగులును తట్టుకునే మూడు జన్యువులు జోడించి 2008లో విడుదల చేశాయి. వాటిలో ఒకటైన ఎక్స్ఏ-21 ఆఫ్రికాలోని మాలి అడవి వరిది. దాన్ని వేరుచేసి పేటెంటు తీసుకున్నది కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం. కానీ పేటెంటు ఏ దేశంలో తీసుకుంటే అక్కడికే పరిమితం. పైగా మనవాళ్లు వాడింది మామూలు సంకరాన్నే. అందుకే ఆ గింజ బస్తాలో దాచుకోవడానికి ఎవరినీ అడగక్కర్లేదు.

అయితే ఈ దారికి హద్దుంది. పత్తి కాయ పురుగును చంపే గుణం పత్తి బంధువుల్లో దొరకలేదు, మట్టిలోని బాక్టీరియా నుంచే తేవాల్సి వచ్చింది. అలాంటప్పుడు ఎంత సంకరం చేసినా లాభం లేదు. ఇంకోటి, ప్రభుత్వ రకం గురించి ఊళ్లో చెప్పేవాడు ఉండడు. కంపెనీ ఏజెంటు మాత్రం జీపేసుకుని వస్తాడు.

కాబట్టి నా మాట ఇది. వరిలాంటి పంటకు, గుణం ఆ జాతిలోనే ఉన్నప్పుడు, మూడో దారిని మించింది లేదు. వంకాయ, బొబ్బర్లకు రెండోది మేలు, రెండు షరతుల మీద: జన్యువు ప్రభుత్వ సూటి రకంలోకి రావాలి, అది కూడా పురుగు ఇంకా నేర్చుకోకముందే రావాలి. పత్తిలో మనం ధర తగ్గించడానికి పదిహేనేళ్లు కొట్లాడాం. ప్యాకెట్టులో హైబ్రిడ్ ఎందుకుంది అని మాత్రం పెద్దగా అడగలేదు.

ఇప్పుడు అడిగే అవకాశం మళ్లీ వచ్చింది. 2025 మేలో కేంద్రం జన్యు సవరణ చేసిన రెండు వరి రకాలను ప్రకటించింది. హైదరాబాదులో తయారైన ‘కమల’ అనే రకం సాంబ మసూరి నుంచి, రెండోది మార్టేరు ఎంటీయూ 1010 నుంచి వచ్చాయి. రెండూ సూటి రకాలే. జన్యువును కోసి సవరించడానికి వాడిన క్రిస్పర్ అనే పద్ధతి పేటెంట్లు మాత్రం విదేశీ సంస్థల చేతుల్లో ఉన్నాయి. ఆ లైసెన్సు కాగితం మీద సంతకం పెట్టేవాళ్లు ఫీజు ఎంత అన్నది తర్వాత చూసుకోవచ్చు. ముందు ఒక్క వాక్యం చదవాలి: ఈ గింజను రైతు వచ్చే ఏడు విత్తుకోవచ్చా, పక్క చేనుకు ఇవ్వొచ్చా?