గృహ సంరక్షణ సేవ: ఏడు నెలల అనుభవంపై సమీక్ష

పక్షవాతం వచ్చి మా అమ్మకు కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయిన తరువాత, ఆస్పత్రి నుంచి ఇంటికి తీసుకువచ్చిన రోజునే ఒక గృహ సంరక్షణ సంస్థతో మాట్లాడుకుని, పగటిపూట పన్నెండు గంటల డ్యూటీకి ఒక సహాయకురాలిని పెట్టుకున్నాము. అప్పటి నుంచి ఏడు నెలలు ఆ సేవను దగ్గరగా చూశాను. నేను చెప్పబోయే లోపం ఆ ఒక్క సంస్థకే పరిమితం కాదని నమ్ముతున్నాను కాబట్టి దాని పేరు రాయడం లేదు.

మొదటి రోజు సంస్థ సూపర్‌వైజరు వచ్చి అమ్మతో అరగంట మాట్లాడి, స్నానం, బట్టలు వేసుకోవడం, మరుగుదొడ్డికి వెళ్లడం, మంచం మీద నుంచి కుర్చీలోకి మారడం, మలమూత్రాల మీద అదుపు, తినడం అనే ఆరు పనుల్లో దేనికి ఎంత సాయం కావాలో విడివిడిగా రాసుకున్నారు. సిడ్నీ కాట్జ్ అనే అమెరికన్ వైద్యుడు, ఆయన సహచరులు 1963లో ప్రచురించిన కొలమానం ఇది. కుటుంబ సభ్యులం "అమ్మను చూసుకోవాలి" అని ఒక్క ముక్కలో చెప్పి ఊరుకుంటాము. ఆ మాటలో ఎన్ని పనులు ఇమిడి ఉన్నాయో ఆ కాగితం చూశాకే నాకు అర్థమైంది. ఈ విషయంలో సంస్థను మనస్ఫూర్తిగా మెచ్చుకుంటాను.

సహాయకురాలి పనితనం గురించి కొంచెం వివరంగా చెప్పాలి. అమ్మను లేపడానికి నేను పడిపోయిన చేతినే పట్టుకుని లాగుతుంటే ఆమె వెంటనే ఆపి, "ఆ చెయ్యి లాగకండమ్మా, భుజం కీలు జారిపోతుంది" అని, నడుము దగ్గర పట్టుకుని లేపడం నేర్పారు. వీల్‌చైరును ఎప్పుడూ బాగున్న వైపే పెట్టి, బ్రేకులు వేసిన తరువాతనే అమ్మను కదిలించేవారు. పడుకున్న మనిషి ఒక్కసారిగా నిలబడితే రక్తపోటు పడిపోయి కళ్లు తిరుగుతాయి కనుక, ముందు మంచం అంచున రెండు నిమిషాలు కూర్చోబెట్టేవారు. బట్టలు తొడిగేటప్పుడు పడిపోయిన చేతితో మొదలుపెట్టి, విప్పేటప్పుడు దానిని చివరకు ఉంచేవారు. మింగే శక్తి తగ్గినవారికి తిన్నది శ్వాసనాళంలోకి వెళ్లి న్యుమోనియా వచ్చే ప్రమాదం ఉంటుంది. అందువల్ల నిటారుగా కూర్చోబెట్టి చిన్న చిన్న ముద్దలుగా తినిపించి, తిన్నాక కూడా అరగంట సేపు పడుకోనిచ్చేవారు కారు. ప్రతి రెండు గంటలకూ పక్క మార్చి, ఏ వైపు పడుకోబెట్టారో వేళతో సహా నోటుపుస్తకంలో రాసేవారు. ఇవేవీ పెద్ద యంత్రాలతో చేసే పనులు కావు, కానీ వీటిలో ఏ ఒక్కటి తప్పినా రోగి మళ్లీ ఆస్పత్రి పాలు కావచ్చు.

రెండో నెలలో ఒక ఉదయం ఒళ్లు తుడుస్తూ, నడుము కింద వెన్నెముక చివర ఒక ఎర్రటి మచ్చ ఉందని ఆమె నన్ను పిలిచి చూపించారు. వేలితో నొక్కి వదిలారు. ఆరోగ్యంగా ఉన్న చర్మమైతే నొక్కినప్పుడు పాలిపోయి మళ్లీ రంగు తేరుకుంటుందని, ఇది నొక్కినా ఎర్రగానే ఉంది కాబట్టి ఒత్తిడి వల్ల వచ్చే పుండుకు మొదటి దశ అని చెప్పారు. వెంటనే సూపర్‌వైజరుకు తెలియజేసి, ఆ చోటు మీద బరువు పడకుండా దిండ్లు సర్ది, ఇంకా తరచుగా పక్క మార్చడం మొదలుపెట్టారు. కొద్ది రోజుల్లో మచ్చ పోయింది. నెలకొకసారి చూసే వైద్యుడికి ఆ మచ్చ కనబడే అవకాశమే లేదు. ఇంట్లో ఉన్న మా కళ్లకూ అది ఆనలేదు. నిన్నటి ఒంటిని ఎరిగిన మనిషి కాబట్టే ఇవాళ వచ్చిన తేడాను ఆమె పట్టుకోగలిగారు.

సంస్థ విలువ కట్టలేకపోయింది సరిగ్గా ఈ ఎరుకకే. నాలుగో నెలలో మాకు ముందుగా చెప్పకుండా ఆమెను మార్చి, మూడు వారాల్లో నలుగురిని పంపించారు. నలుగురూ నెమ్మదైనవారే, పని వచ్చినవారే. అయినా ప్రతి కొత్త మనిషి ముందూ అమ్మ మళ్లీ బట్టలు విప్పుకుని స్నానానికి కూర్చోవలసి వచ్చింది. సిగ్గుతో మరుగుదొడ్డికి తీసుకువెళ్లమని అడగడం తగ్గించి, అందుకోసం నీళ్లు తాగడమే తగ్గించేసింది. దీని గురించి ఫోను చేస్తే, అందరికీ ఒకే శిక్షణ ఇస్తామని, ఎవరు వచ్చినా తేడా ఉండదని సమాధానం వచ్చింది. ఆ మాటను నేను ఎంతమాత్రం ఒప్పుకోను.

మొదటి సహాయకురాలు ఎందుకు మారిందని గట్టిగా ఆరా తీస్తే, నాలుగు నెలలుగా వారానికొక సెలవు కూడా లేక అలసిపోయి సెలవు అడిగారని తెలిసింది. ఇన్నాళ్లూ ఆమె విశ్రాంతి సంగతి మేము కూడా అడగలేదు; అది మా తప్పు. ఇళ్లలో పనిచేసేవారికి వారానికి కనీసం వరుసగా 24 గంటల విశ్రాంతి ఉండాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో ఆమోదించిన 189వ ఒప్పందం చెబుతోంది. మనిషి నడుము మీద, ఓర్పు మీద ఇంత భారం పడే పనిలో సెలవును దయగా ఇచ్చేదిగా చూడడం సరికాదు.

ఈ పని అవసరం రానున్న కాలంలో బాగా పెరుగుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2030 నాటికి ప్రతి ఆరుగురిలో ఒకరి వయసు 60 లేదా అంతకు మించి ఉంటుంది. 80 దాటినవారు 2020తో పోలిస్తే 2050 నాటికి మూడింతలై 42.6 కోట్లకు చేరుతారు. జీతం లేని సంరక్షణలో నాలుగింట మూడు వంతులకు పైగా ఆడవారే మోస్తున్నారని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2018 నివేదిక తెలిపింది. కూతురో కోడలో ఉద్యోగం మానుకుని మంచం పక్కన కూర్చునే ఏర్పాటు మీదే ఇంతమంది వృద్ధుల బాధ్యత నిలబడదు. శిక్షణ, తగిన జీతం, సెలవు ఉన్న సహాయకులు చాలామంది కావాలి.

మా ఫిర్యాదును లిఖితపూర్వకంగా పంపిన తరువాత సంస్థ మొదటి సహాయకురాలిని వారాంతపు సెలవుతో తిరిగి పంపింది. సెలవు రోజున రావలసిన రెండో ఆమెను ముందుగా రెండు రోజులు తోడుగా ఉంచి అమ్మకు అలవాటు చేయించారు. నోటుపుస్తకం ఒకరి చేతి నుంచి ఒకరి చేతికి మారింది. అమ్మ నీళ్లు మళ్లీ మామూలుగా తాగుతోంది. ఈ సేవను తీసుకోమనే చెబుతాను; అయితే మనిషిని మార్చవలసి వస్తే ఎన్ని రోజుల ముందు చెబుతారో, సెలవు రోజున ఎవరు వస్తారో, రాత్రివేళ ఏదైనా జరిగితే ఎవరికి ఫోను చేయాలో ముందే కాగితం మీద రాయించుకోవాలి. మేము మరో ఆరు నెలలకు పొడిగించుకున్నాము. ఈసారి ఒప్పందంలో ఇద్దరి పేర్లూ, వారి సెలవు రోజులూ రాయించాము.