ప్లాస్మా వేడిని చెప్పడానికి జే/సై మేలా, అప్సిలాన్ మేలా?

సీసం వంటి భార అయాన్లు ఢీకొన్నప్పుడు పుట్టే క్వార్క్-గ్లూవాన్ ప్లాస్మా (క్వార్కులూ, వాటిని బంధించే గ్లూవాన్లూ విడివిడిగా తిరిగే స్థితి) క్షణంలో అంతరించిపోతుంది కనుక, అందులో ఎన్ని మీసాన్లు (క్వార్కు-ప్రతిక్వార్కు జతలు) నిలిచాయి, ఎన్ని విడిపోయాయి అన్న లెక్కనుబట్టి దాని వేడిని అంచనా కట్టవచ్చు. 1986లో భౌతిక శాస్త్రవేత్తలు మత్సూయి, సాట్జ్ ఇందుకు చార్మ్ క్వార్కు, దాని ప్రతిక్వార్కు జత అయిన జే/సై మీసాన్‌ను సూచించారు. ప్లాస్మాలోని రంగు ఆవేశాలు (క్వార్కులను బంధించే బలానికి మూలమైనవి) చార్మ్ క్వార్కుకూ దాని ప్రతిక్వార్కుకూ మధ్యనున్న ఆకర్షణను కప్పివేస్తాయని, దానితో ఆ జత నిలవదని వారి వాదన. అయితే కప్పివేత ఒక్కటే కాదు, తాకిడి కూడా జతను విడదీస్తుంది: గట్టి బంధమున్న మీసాన్ గ్లూవాన్‌ను శోషించుకొని విచ్ఛిన్నమవుతుంది, బంధం సడలినదానికి పక్కగా పోయే క్వార్కుల, గ్లూవాన్ల పరిక్షేపణే చాలు.

ప్లాస్మా చల్లారి హాడ్రాన్లుగా (క్వార్కులు బంధంలో ఉన్న కణాలుగా) మారాక, జతలను విడదీసే వంతు అన్నిటికన్నా తేలికైన మీసాన్లయిన పయాన్లకు వస్తుంది. జే/సై ద్రవ్యరాశి 3.10 గిగా ఎలక్ట్రాన్ వోల్టులు, పయాన్‌ది 0.14, ఇవి ఢీకొని చార్మ్ క్వార్కూ ప్రతిక్వార్కూ వేరై చెరొక తేలిక క్వార్కుతో జతకట్టిన ఒక డి, ఒక డి-స్టార్ మీసాన్ పుట్టాలంటే 3.88 కావాలి. తక్కువపడిన 0.64 చలనశక్తి నుంచే రావాలి, ఇదే ప్రమాణంలో చెబితే 0.15 ప్రాంతపు ఉష్ణోగ్రతలో అంత శక్తిగల పయాన్లు కొద్దిగానే ఉంటాయి. బాటమ్ క్వార్కు, దాని ప్రతిక్వార్కు జత అయిన అప్సిలాన్‌కు ఆ లోటు ఒక గిగా ఎలక్ట్రాన్ వోల్టు దాకా ఉంటుంది. జే/సైకి ఉత్తేజిత రూపమైన, బంధం సడలిన సై(2ఎస్)కు మాత్రం 0.05 చాలు, కాబట్టి పయాన్లే దాన్ని విడదీయగలవు, దాని తగ్గుదలను చూసి ప్లాస్మా గురించి తీర్పు చెప్పడం తొందరపాటే.

జే/సైకి అసలు చిక్కు జెనీవా దగ్గరి కణత్వరణ యంత్రం ఎల్‌హెచ్‌సీలో వచ్చింది. అక్కడ ఒక్క సీసపు ఢీకొట్టులోనే చార్మ్ జతలు పదుల సంఖ్యలో పుడతాయి. విడిపోయిన క్వార్కులు వేరే తోడు వెతుక్కొని మళ్లీ జే/సైలవుతాయి. అందుకే 2012లో అక్కడి ఆలిస్ ప్రయోగం, అంతకన్నా తక్కువ శక్తిగల అమెరికా యంత్రం రిక్‌లో కనిపించినంత తగ్గుదల ఇక్కడ లేదని చూపింది. వేడి పెరిగితే తగ్గుదల తగ్గే కొలమానాన్ని ఎవరు నమ్ముతారు? బాటమ్ జతలు అరుదు కనుక అప్సిలాన్‌కు ఈ బెడద చాలా తక్కువ. అదే ఏడాది ఎల్‌హెచ్‌సీలోనే సీఎమ్ఎస్ ప్రయోగం, అప్సిలాన్‌లో బంధం బలహీనమైన 2ఎస్, 3ఎస్ ఉత్తేజిత స్థితులు కనిష్ఠ స్థితి 1ఎస్ కన్నా ఎక్కువగా తగ్గాయని చూపింది.

అందువల్ల వేడి కొలతకు నా ఓటు అప్సిలాన్‌కే, అందులోనూ 2ఎస్‌కు. ఎందుకంటే 1ఎస్‌లో కొంత భాగం పై స్థితుల క్షయం వల్ల వచ్చినదే కనుక, దాని తగ్గుదల సూటిగా ఏమీ చెప్పదు. చార్మ్ క్వార్కులు ప్లాస్మా ప్రవాహంలో కలిసిపోతాయా అన్న ప్రశ్నకు మాత్రం జే/సైయే సాక్షి: దాని దీర్ఘవృత్తాకార ప్రవాహం (ప్లాస్మాతోపాటు కొట్టుకుపోయి కొన్ని దిశల్లో ఎక్కువగా వెలువడటం) స్పష్టంగా కనిపించింది, అప్సిలాన్‌ది సున్నాకు దగ్గరగానే ఉంది.