నాలుగు నిమిషాల ఇరవై సెకన్లు: లైవ్ మోక్యాప్ స్ట్రీమింగ్‌తో మూడేళ్ళు

హైదరాబాద్‌లో మాది చిన్న యానిమేషన్ స్టూడియో. నటుడి కదలికలను కెమెరాలతో పట్టి స్క్రీన్ మీది పాత్రకు ఇచ్చే మోక్యాప్ (మోషన్ క్యాప్చర్) పని చేస్తాం. ఆ కెమెరాలను నడిపే మోటివ్ సాఫ్ట్‌వేర్ నుంచి వేరే కంప్యూటర్లకు లైవ్ డేటా పంపే నాట్‌నెట్ స్ట్రీమింగ్‌ని మూడేళ్ళుగా దాదాపు ప్రతి షూట్‌లో వాడుతున్నాను. కెమెరాల గురించి, సూట్ల గురించి చాలామంది రాశారు కాబట్టి అవన్నీ వదిలేస్తున్నాను. నాకు చెప్పాలని ఉన్నది మల్టీకాస్ట్ గురించి ఒక్కటే, అంటే ఒక్కసారి పంపిన డేటాను చాలా మెషిన్లు అందుకునే పద్ధతి గురించి. ఇంత ఇష్టపడిన ఫీచర్ ఇంకొకటి లేదు, నన్ను ఇంతగా ఏడిపించిందీ ఇంకొకటి లేదు.

కెమెరాల మెషిన్ ప్రతి ఫ్రేమునూ ఒక్కసారే పంపుతుంది. అన్‌రియల్ (3డి గేమ్ ఇంజిన్) నడిచే మెషిన్, మోషన్‌బిల్డర్ (యానిమేషన్ సాఫ్ట్‌వేర్) మెషిన్, ఇంకో రెండు, మొత్తం నాలుగూ దాన్ని ఒకేసారి అందుకుంటాయి. వెళ్ళేది వీడియో కాదు. ఏ ఎముక ఎక్కడుంది, ఎటు తిరిగింది అనే అంకెలు, అంతే. 21 ఎముకల స్కెలిటన్ ఒకటి ఫ్రేముకు కిలోబైటు లోపే ఉంటుంది. సెకనుకు 120 ఫ్రేములు పంపినా సుమారు వంద కిలోబైట్లే. మొదటిసారి మా స్క్రీన్ మీద పాత్ర నటుడితో పాటే తల తిప్పినప్పుడు గదిలో అందరం లేచి నిలబడ్డాం. సెట్టింగుల్లో ఒక్క టిక్ పెడితే చాలు, అంతా అదే చూసుకుంటుందని ఆ వారమంతా తెలిసినవాళ్ళకి ఫోన్లు చేసి చెప్పాను.

ఆ మాట ఇప్పుడు కొంచెం సవరించుకోవాలి.

మొదట్లో మా దగ్గర ఉన్నది కంప్యూటర్లను కేబుళ్ళతో కలిపే మామూలు నెట్‌వర్క్ స్విచ్. మల్టీకాస్ట్ వస్తే అడిగిన పోర్టూ అడగని పోర్టూ అని చూడకుండా అన్నిటికీ పంపేసేది. ఆఫీసు వైఫై కూడా దానికే కలిపి ఉండేది. క్యాప్చర్ మొదలైతే పక్క గదిలో వాళ్ళ ఇంటర్నెట్ నత్తనడక నడిచేది. అందుకని మోక్యాప్‌కి వేరే నెట్‌వర్క్ పెట్టి, ఐజీఎంపీ స్నూపింగ్ ఉన్న స్విచ్ కొన్నాం. అడిగిన మెషిన్‌కే డేటా పంపుతుంది కదా అని. రెండు వారాలు హాయిగా నడిచింది.

తర్వాత కూచిపూడి తరంగం షూట్ వచ్చింది. పళ్ళెం అంచుల మీద నిలబడి చేసే నృత్యం. ఇత్తడి మెరుపు కెమెరాలను తికమకపెడుతుందని పళ్ళేనికి మెరవని టేపు చుట్టి, దానికీ కెమెరాలు గుర్తుపట్టే మార్కర్లు అతికించాం. నృత్యం చేసే టీచర్ గారికి యాభై దాటాయి. అంశం ఆరు నిమిషాలకు పైనే. సగం దాటాక స్క్రీన్ మీద పాత్ర కాలు గాల్లో ఉండగా బిగుసుకుపోయింది. టీచర్ గారు మాత్రం ఆడుతూనే ఉన్నారు. కెమెరాల మెషిన్‌లో చూస్తే అంతా సవ్యంగా ఉంది. మిగతా నాలుగింటిలోనూ బొమ్మ ఆగిపోయింది.

అన్‌రియల్‌లో ఈ డేటా అందుకునే లైవ్ లింక్‌లో సోర్స్ తీసేసి మళ్ళీ కలిపితే వచ్చింది. కాసేపటికి మళ్ళీ పోయింది. ఫైర్‌వాల్ ఆపాను, కేబుల్ మార్చాను, నెట్‌వర్క్ కార్డు డ్రైవర్ మార్చాను. "మళ్ళీ మొదటి నుంచా బాబూ?" అని టీచర్ గారు మెల్లగా అడిగినప్పుడు నాకు మాట రాలేదు. ఆవిడ మోకాళ్ళు పట్టుకుని కూర్చోవడం చూశాక టెన్షన్ ఇంకా పెరిగింది.

చివరికి అసిస్టెంట్ కుర్రాడు ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టాడు. నాలుగు నిమిషాల ఇరవై సెకన్లు. మళ్ళీ చూస్తే అంతే. మూడోసారీ అంతే. 260 సెకన్లు. అక్కడ దొరికింది దారి.

డేటా కావాలని మెషిన్ స్విచ్‌కి మొదట్లో చెబుతుంది. ఆ తర్వాత "ఇంకా కావాలా?" అని ఎవరో ఒకరు అప్పుడప్పుడు అడుగుతుండాలి. ఆ అడిగేవాడిని క్వెరియర్ అంటారు. మామూలుగా ఆ పని రౌటర్ చేస్తుంది. మేం వేరు చేసిన నెట్‌వర్క్‌లో రౌటరే లేదు. అడిగేవాళ్ళు లేరు, కాబట్టి జవాబిచ్చేవాళ్ళూ లేరు. 260 సెకన్లు చూసి, ఎవరికీ అక్కర్లేదనుకుని స్విచ్ పంపడం మానేసింది. అంతకుముందు మా టేకులన్నీ ఒకటి రెండు నిమిషాలవి, మధ్యమధ్య డేటా అందుకునే ప్రోగ్రాములు ఆపి మళ్ళీ తెరిచేవాళ్ళం. అందుకే బయటపడలేదు. స్విచ్ సెట్టింగుల్లోనే క్వెరియర్ అని ఒక ఆప్షన్ ఉంది. ఆన్ చేశాను. ఆ రోజు నుంచి ఈ జబ్బు మళ్ళీ రాలేదు.

స్ట్రీమింగ్ తప్పు ఇందులో లేదు, ఆ మాట గట్టిగానే చెబుతాను. కానీ టిక్ ఒక్కటే చాలదు. పంపే నెట్‌వర్క్ కార్డు లూప్‌బ్యాక్‌లో (డేటా ఆ మెషిన్‌లోనే తిరిగే సెట్టింగ్) ఉండిపోతే బయటికి ఏమీ వెళ్ళదు, అది చూసుకోవాలి. అవసరం లేకపోతే మార్కర్లు స్ట్రీమ్ చేయకండి. ప్యాకెట్ పెద్దదై ముక్కలైతే, ఒక్క ముక్క పోయినా ఫ్రేము మొత్తం పోతుంది. పోయిన ఫ్రేమును యూడీపీ (ఈ డేటా వెళ్ళే నెట్‌వర్క్ పద్ధతి) మళ్ళీ పంపదు. ప్రివ్యూకి అదే మంచిది, పాత భంగిమ ఆలస్యంగా వస్తే ఎవరికీ పనికిరాదు. ఫైనల్ యానిమేషన్‌కి మాత్రం నేను కెమెరాల మెషిన్‌లో రికార్డయిన టేకునే వాడతాను.

నేను మల్టీకాస్ట్‌నే ఉంచుకున్నాను, మావి నాలుగు మెషిన్లు, అన్నీ వైరు మీద, ఒకే గదిలో కాబట్టి. మీకు అందుకునే మెషిన్ ఒక్కటే అయితే యూనికాస్ట్ (ఒక్కో మెషిన్‌కి నేరుగా పంపే పద్ధతి) పెట్టుకోవడం నయం. వైఫై టాబ్లెట్‌కి నేనూ అదే వాడుతున్నాను. అద్దె హాళ్ళలో వేరేవాళ్ళ స్విచ్‌ల మీద పని చేసేవాళ్ళకి ఏది సరిపోతుందో ఆ హాలుని బట్టే ఉంటుంది. నేనైతే ఎక్కడికి వెళ్ళినా, డాన్సర్ రాకముందే స్ట్రీమ్ ఆన్ చేసి, ఎవరూ ముట్టుకోకుండా ఐదు నిమిషాలు వదిలేసి చూస్తాను.