నసావులో ఒకటిన్నర రెట్ల లెక్క

పిల్లలకు పడవలోనే చదువు చెప్పుకుంటూ బహామాస్ దీవులు తిరిగొచ్చాం. అక్కడి రాజధాని నసావులో మెరీనా, అంటే అద్దెకు పడవలు కట్టుకునే రేవు, దాని సంగతి ముందు చెప్పేస్తే గానీ నా కడుపుమంట చల్లారదు. ఫోన్లో అడిగితే పడవ పొడవులో అడుగుకు రాత్రికి 3.50 డాలర్లన్నారు. మాది 38 అడుగుల తెరచాప కాటమరాన్ (రెండు పొట్టల పడవ), అంటే రాత్రికి 133. మా పెద్దమ్మాయికి ఆన్‌లైన్ పరీక్ష ఉంది, వైఫై బ్రహ్మాండమన్నారని రెండు రాత్రులు ఆగాం. తాళ్లు కట్టాక కౌంటర్లో చావుకబురు చల్లగా చెప్పారు: కాటమరాన్ వెడల్పు ఎక్కువ కాబట్టి ఒకటిన్నర రెట్లు. 199.50! ఫోన్లోనే కాటమరాన్ అని చెప్పానండీ అంటే ఆవిడ తల కూడా ఎత్తలేదు. వైఫై అయితే పరీక్షలో మూడో ప్రశ్న దగ్గర ఆగిపోయింది. పాపం పిల్ల, మిగతాది నా ఫోన్ హాట్‌స్పాట్‌తో ఏడుస్తూ రాసింది.

బిల్లు 568.70 వచ్చింది. మా ఆవిడ అది తీసుకెళ్లి పిల్ల ముందు పెట్టి, "ఇవాళ్టి లెక్కల క్లాసు ఇదే" అంది. రెండు రాత్రులకు 399, అరవై గ్యాలన్ల నీళ్లకు 30, కరెంటుకు 41, మొత్తం 470. వ్యాట్ 10 శాతం కలిపితే 517 కదా నాన్నా, అంది పిల్ల. వ్యాట్ రెండుసార్లు వేశారు! వెళ్లి అడిగితే 51.70 తగ్గించారు గానీ సారీ అన్న మాట లేదు.

మాది టాంపా. ఫ్లోరిడాలో ఇంటి చదువుకు కౌంటీ విద్యాశాఖకు నోటీసు ఇచ్చి, పిల్లల రాతపని దాచి, ఏటా మూల్యాంకనం చేయించాలి. అంతకంటే పెద్ద తంటా మా అత్తగారు: "బడి మాన్పించి పడవెక్కిస్తారా?"

ఫ్లోరిడాకూ బహామాస్‌కూ మధ్య ఉత్తరానికి పారే సముద్ర ప్రవాహం గల్ఫ్ స్ట్రీమ్. అది దాటిన రోజు చదువు సున్నా. ఉత్తరపు గాలి ఎదురైతే ఆ ప్రవాహంలో అలలు నిటారుగా లేస్తాయని ఆరు రోజులు ఆగి మరీ దాటాం, అయినా పుస్తకం తెరిచిన ఇద్దరికీ వాంతులే. అప్పటినుంచి లంగరు వేశాకే పలక.

వార్డెరిక్ వెల్స్ దీవికి మాత్రం తప్పకుండా వెళ్లండి. అది ఉన్న ఎగ్జూమా జాతీయ పార్కు 1958 నాటిది, 1986 నుంచి అక్కడ వేట నిషేధం, గవ్వ కూడా తీసుకెళ్లకూడదు. మావాడు గంటసేపు ఏరిన గవ్వలన్నీ తిరిగి ఇసుకలో పోసి, సాయంత్రం దాకా మాతో మాట్లాడలేదు.

ఎగ్జూమా దీవుల్లోనే ఉన్న జార్జ్‌టౌన్‌లో మూడు వారాలు లంగరు వేశాం. రాత్రి అద్దె పడలేదు, నిండా పిల్లలున్న పడవలు, ఎదురుగా స్టాకింగ్ ఐలాండ్ ఒడ్డుకొచ్చే టేకు చేపలు (స్టింగ్‌రేలు). మెరీనా డబ్బులు దండగ, ఇక్కడికే రండి.

పుస్తకాలు జిప్ సంచుల్లో పెట్టుకోండి. ఉప్పు గాలికి మా తెలుగు వాచకంలో క గుణింతం పేజీ గ గుణింతానికి అతుక్కుపోయింది.