మంచు కొండల సీజన్ పాస్: ఏడు చలికాలాలు వాడిన తరవాత

నల్లగొండలో మే నెల మధ్యాహ్నం, కూలర్‌లో నీళ్లు నింపి, తలుపులు దగ్గరికి వేసుకొని మేము ఏటా చేసే పని ఒకటి ఉంది. అమెరికాలో, కొలరాడో రాష్ట్రంలోని డెన్వర్ పక్కన ఉండే మా తమ్ముడు వీడియో కాల్ చేస్తాడు. వచ్చే చలికాలానికి ఏ స్కీయింగ్ పాస్ (స్కీలు కట్టుకొని మంచు మీద జారే ఆటకు, సీజన్ అంతా చాలా కొండల మీద పనికొచ్చే టికెట్టు) తీసుకోవాలో ఇద్దరం కూర్చొని తేల్చుకుంటాం. నేను 2016 నుంచి 2023 దాకా కొలరాడోలో ఉద్యోగం చేశాను. ఆ ఏడు సీజన్లూ పాస్ కొని వాడాను. తిరిగొచ్చి ఇక్కడ స్థిరపడ్డాక కూడా ఆ లెక్కల నోటుబుక్కు నా దగ్గరే ఉంది. "మంచు పడకముందే పైసలు కట్టుడేందిరా?" అని బాపు ఇప్పటికీ అడుగుతాడు. మన జిల్లా ఇళ్లలో చాలామంది పిల్లలు అమెరికాలో ఉన్నారు, వాళ్లకూ మొదటి ఏడాది వచ్చే సందేహం ఇదే కాబట్టి, అక్కడి నుంచే మొదలుపెడతాను.

ఈ వ్యాపారం నడిచే తీరు తెలిస్తే ధరలు అర్థమవుతాయి. వేల్ రిసార్ట్స్ సంస్థ 2008లో ఎపిక్ పాస్‌ను 579 డాలర్లకు తెచ్చింది; ఆల్టెరా సంస్థ ఐకాన్ పాస్ 2018లో వచ్చింది. ఒక చలికాలం మంచు సరిగ్గా పడకపోతే కౌంటర్‌లో టికెట్లు అమ్ముడుపోవు, అదే జనం ముందుగానే డబ్బు కట్టి ఉంటే ఆ నష్టం చాలావరకు తప్పుతుంది. అందుకే ముందు కొన్నవాళ్లకు బాగా తగ్గించి, ఆగినవాళ్ల దగ్గర ఎక్కువ తీసుకుంటారు. 2025-26 సీజన్‌కు మార్చిలో అమ్మకం మొదలైనప్పుడు పెద్దవాళ్లకు పూర్తి ఎపిక్ పాస్ 1,051 డాలర్లు, ఎపిక్ లోకల్ 783, పూర్తి ఐకాన్ 1,329, ఐకాన్ బేస్ 909 (లోకల్, బేస్ అంటే కొన్ని తేదీలకు, కొన్ని కొండలకు పరిమితులుండే చవక రకాలు). ఏప్రిల్, మే నెలల్లోనే మొదటి పెంపు వస్తుంది, ఆ తరవాత విడతలవారీగా పెరుగుతూ పోయి డిసెంబరు మొదట్లో అమ్మకమే ఆగిపోతుంది. అది దాటాక వేల్ లాంటి పెద్ద కొండ దగ్గర రద్దీ రోజున ఒక్క రోజు టికెట్టు 300 డాలర్లు దాటుతోంది. ఎపిక్‌కు వసంతంలో 49 డాలర్లు కట్టి పాత ధరను నిలబెట్టుకోవచ్చు, మిగతాది సీజన్ ముందు కట్టాలి. వాయిదాగా కట్టే వీలు మా తమ్ముడి లాంటి మధ్యతరగతి కుటుంబానికి చాలా ఉపయోగపడింది.

ఇంత తక్కువకు వస్తోందని కొనడమే నా మొదటి తప్పు. 2016 శరదృతువులో, ధర పెరిగిన తరవాత, 600 డాలర్లకు పైగా పెట్టి లోకల్ పాస్ తీసుకున్నాను. ఆ చలికాలం మొత్తంలో కొండకు వెళ్లింది నాలుగు రోజులు. అంటే రోజుకు 150 డాలర్లకు పైనే పడింది, అదీ స్కీల మీద నిలబడటం కూడా రాని మనిషికి. ఆ ఏడాది నుంచే ప్రతి రోజూ తేదీ, కొండ పేరు, ఎవరెవరు వచ్చారు, ఎన్ని గంటలు ఆడాము అని నోటుబుక్కులో రాయడం మొదలుపెట్టాను. ఏడు సీజన్లలో వరుసగా 4, 9, 14, 10, 6, 13, 12 రోజులు, మొత్తం 68. అదే లోకల్ పాస్‌ను 2021లో సంస్థ ధర 20 శాతం తగ్గించినప్పుడు 583 డాలర్లకు కొని 13 రోజులు వెళ్తే రోజుకు 45 డాలర్లే అయింది. పాస్ ఒకటే, లాభనష్టాలను తేల్చింది మేము వెళ్లిన రోజులు. ఎన్ని కొండలు ఉన్నాయన్నది ప్రకటనల్లో పెద్ద అక్షరాలతో ఉంటుంది. నా ఏడు చలికాలాల్లో అది నాకు ఒక్క డాలరు కూడా మిగల్చలేదు. కెనడాలోని విస్లర్ నా పాస్‌లో ఏళ్ల తరబడి ఉంది, నేను ఒక్కసారీ వెళ్లలేదు.

ఆ కొండల జాబితా కూడా స్థిరంగా ఉండదు. మాకు ఎంతో ఇష్టమైన అరపహో బేసిన్, జూన్ దాకా మంచు నిలిచే చోటు, 2019లో ఎపిక్ నుంచి తప్పుకొని ఆ తరవాత ఐకాన్ వైపు వెళ్లిపోయింది. పాత పాస్‌లో ఉంది కదా అని చూడకుండా కొంటే, నవంబరులో గేటు దగ్గరకు వెళ్లాకగానీ విషయం తెలియదు. ఏటా ఆ ఏడాది జాబితానే చదవాలి.

ఎక్కువ సమయం పెట్టవలసింది నిషేధ తేదీల మీద. చవక పాస్‌లకు క్రిస్మస్ నుంచి కొత్త సంవత్సరం దాకా, జనవరి మూడో సోమవారం ముందరి వారాంతం, ఫిబ్రవరి మూడో సోమవారం ముందరి వారాంతం చాలా కొండల మీద ప్రవేశం ఉండదు. ఎపిక్ లోకల్‌లో కీస్టోన్‌కు ఎన్ని రోజులైనా వెళ్లవచ్చు గానీ, వేల్, బీవర్ క్రీక్ లాంటి చోట్లకు కలిపి పది రోజులే, అవీ నిషేధ తేదీలు కాకుండా. మా ఆవిడ దీనికి చేసిన ఉపాయం ఇప్పటికీ నడుస్తోంది. నల్లగొండ నుంచి తెప్పించుకున్న తెలుగు క్యాలెండర్‌ను వంటగదిలో వేలాడదీసి, ఆ తేదీల చుట్టూ నీలం పెన్నుతో సున్నాలు చుట్టేది. తిథులు, రాహుకాలాల మధ్య ఆ నీలం సున్నాలు, వాటి పక్కనే పాప బడి సెలవులకు ఎర్ర గీతలు. ఎర్ర గీతలు నీలం సున్నాల్లోనే పడుతున్నాయని తెలిసిన ఏడాది లోకల్ పాస్ మానేసి పూర్తి పాస్ కొన్నాం. బడి పిల్లలు లేనివాళ్లకు, శుక్రవారం సెలవు పెట్టగలిగినవాళ్లకు లోకల్ చాలు, ఇందులో నాకు సందేహం లేదు.

రెండోది దారి. డెన్వర్ నుంచి కీస్టోన్ దాదాపు 75 మైళ్లు, మామూలుగా గంటన్నర. ఐ-70 రహదారి మీద సముద్రమట్టానికి 11,000 అడుగులకు పైన ఉన్న ఐజన్‌హోవర్ సొరంగం దాటాలి. శనివారం పొద్దున ఏడు గంటలకు బయల్దేరితే ఆ గంటన్నర మూడు గంటలవుతుంది, ఆదివారం సాయంత్రం తిరుగు ప్రయాణం అంతకన్నా కష్టం. మేము తెల్లవారుజామున అయిదింటికి ముందే పులిహోర డబ్బాలు, ఫ్లాస్కులో చాయ్ పెట్టుకొని బయటపడేవాళ్లం. సెప్టెంబరు నుంచి మే నెల దాకా ఆ కొండదారిలో మంచుకు పనికొచ్చే టైర్లు గానీ, కారులో గొలుసులు గానీ ఉండాలన్న నిబంధన ఉంది, దాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. డ్రైవింగ్ ఇష్టం లేనివాళ్లకు ఐకాన్ మేలు అని నా అభిప్రాయం. ఆ పాస్‌లో ఉన్న వింటర్ పార్క్‌కు డెన్వర్ యూనియన్ స్టేషన్ నుంచి చలికాలం వారాంతాల్లో రైలు ఉంది. 1928లో తెరిచిన ఆరు మైళ్ల మాఫట్ సొరంగం గుండా వెళ్లి కొండ పక్కనే దించుతుంది. మా ఇల్లు ఆ స్టేషన్‌కు దగ్గర్లో ఉండి ఉంటే నేనూ ఐకాన్‌నే ఎంచుకునేవాణ్ణి.

పిల్లల సంగతి వేరు. మా పాప రెండో తరగతిలో ఉన్నప్పుడు ఎపిక్ స్కూల్‌కిడ్స్ అనే పథకంలో పేరు రాయించాం; కొలరాడోలో అయిదో తరగతి దాకా చదివే పిల్లలకు ఒక్కో కొండ మీద నాలుగేసి రోజులు ఉచితం. గడువు ముందే నమోదు చేయాలి. బూట్లు, స్కీలు, హెల్మెట్ సెప్టెంబరులోనే సీజన్ మొత్తానికి అద్దెకు తీసుకుంటే ప్రతి వారం కొండ దగ్గర వరుసలో నిలబడే పని తప్పుతుంది.

పాస్ కార్డు వాడకం గురించి ఒక చిన్న మాట. దాన్ని చేతికి తీయనక్కర లేదు, గేట్లు పెట్టిన కొండల దగ్గర జాకెట్ ఎడమ జేబులో పెట్టుకొని గేటు ముందు నిలబడితే పచ్చ దీపం వెలుగుతుంది. ఒకసారి మా పాపకు వెలగలేదు. వెనక ముప్పై మంది. చేతి తొడుగులు తీసి, జిప్పు లాగి, అన్ని జేబులూ వెతికితే కార్డు సరైన చోటే ఉంది. కాకపోతే దాని మీద నా పాత ఫోనూ, రేకు కాగితంలో చుట్టిన చాక్లెట్టూ ఉన్నాయి. అవి రెండూ కుడి జేబులోకి మార్చగానే దీపం వెలిగింది. అప్పటి నుంచి ఎడమ జేబులో కార్డు తప్ప మరేదీ ఉండకూడదని ఇంట్లో అందరికీ చెప్పాను.

బీమా విషయంలో నేను దెబ్బతిన్నాను. 2018 మార్చిలో మోకాలు మెలిపడి సీజన్ మధ్యలో ఆగిపోయాను. విడిగా ఒక కంపెనీ దగ్గర బీమా కొని ఉన్నాను గానీ, డాక్టరు ఉత్తరం వాళ్లు పెట్టిన గడువులోగా చేరలేదని నయాపైసా ఇవ్వలేదు. షరతుల్లో ఆ గడువు ఎక్కడో చిన్న అక్షరాల్లో ఉంది. 2020 మార్చి మధ్యలో కొవిడ్ వల్ల కొండలన్నీ ఒక్కసారిగా మూతబడ్డాయి. అప్పటికే పది రోజులు వాడుకున్న మాకు వేల్ రిసార్ట్స్ మరుసటి ఏడాది పాస్ మీద 20 శాతం తగ్గించింది. తక్కువ వాడినవాళ్లకు 80 శాతం దాకా వచ్చింది. ఆ ఏడాది నుంచి గాయం, ఉద్యోగం పోవడం లాంటి కారణాలకు డబ్బు వెనక్కి ఇచ్చే ఏర్పాటు ఎపిక్ పాస్‌తోనే ఉచితంగా వస్తోంది. దాని షరతులు కొనేముందే పూర్తిగా చదవండి.

ఇక ఈసారి మా ఏర్పాటు. సంక్రాంతి సెలవులకు ఇక్కడి నుంచి మేము ముగ్గురం, అమ్మ, బాపు తమ్ముడి ఇంటికి వెళ్తున్నాం. జనవరి 17, 18 తేదీలు నీలం సున్నాల్లో ఉన్నాయి కాబట్టి 10న దిగి, రెండు రోజులు డెన్వర్‌లో ఒంటిని ఆ ఎత్తుకు అలవాటు చేసుకొని, 13 నుంచి 16 వరకు నాలుగు రోజులు కొండ మీద ఉంటాం. మాకు సీజన్ పాస్ దండగ, నిషేధ తేదీలు మినహాయించిన నాలుగు రోజుల ఎపిక్ డే పాస్ సరిపోతుంది. తమ్ముడి ఇద్దరు పిల్లలకు ఈ ఏడాది శుక్రవారాలు చాలావరకు ఖాళీ, పది రోజులకు తగ్గకుండా వెళ్తామంటున్నారు, కాబట్టి వాళ్లకు లోకల్. ఏడు రోజులకు మించి వెళ్లే నమ్మకం లేకపోతే డే పాస్, మించితేనే సీజన్ పాస్: ఇదే మేము పెట్టుకున్న గీటురాయి. బాపుకు బీపీ ఉంది, మేము వెళ్లే బ్రెకెన్‌రిడ్జ్ ఊరే 9,600 అడుగుల ఎత్తున ఉంటుంది. అందుకని నల్లగొండలో డాక్టరుకు చూపించి, ఆయన సరేనన్నాకే టికెట్లు తీశాం. ఊరి నుంచి కొండ మొదలు దాకా నడిచే గొండోలా (తీగ మీద వెళ్లే పెట్టె) ఉచితం, అమ్మా బాపూ అందులో కూర్చొని మమ్మల్ని చూస్తారు. నిన్న రాత్రి తమ్ముడు లోకల్ పాస్‌లకు 49 డాలర్ల చొప్పున కట్టేశాడు. క్యాలెండర్ మీద ఆ నాలుగు రోజులకు మా ఆవిడ పచ్చ పెన్నుతో గీత గీసింది.