ఉద్దానం ఇంట్లో ఐదేళ్ళు నడిచిన సోలార్ ఇన్వర్టరు

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. సోంపేట వైపు ఉన్న మా ఇంట్లో తిండికి లోటు రాలేదు. గాదెలో బియ్యం, డబ్బాల్లో చోడిపిండి, అటకమీద వడియాలు, జాడీల్లో ఊరగాయ ఉన్నాయి. పెరట్లో రెండు ఆవులు ఉండేవి, నుయ్యి మీద గిలకా చేదా ఎప్పటిలాగే ఉన్నాయి. పడిపోయిన కొబ్బరిచెట్ల కాయలే వారం రోజులు కూరకూ దాహానికీ సరిపోయాయి. మాకు లేనిది కరెంటు ఒక్కటే. అది రావడానికి మా వీధికి పదకొండు రోజులు పట్టింది. జనరేటరు పెట్టిన చోట ఫోను చార్జింగు కోసం మావారు నాలుగు కిలోమీటర్లు నడిచి వెళ్ళి, వరుసలో నిలబడి వచ్చేవారు. తరతరాలుగా తుపానులు చూసిన ఇల్లు కనుక తక్కినవన్నీ అలవాటుగా జరిగిపోయాయి. ఈ ఒక్కదానికి మాత్రం మా పెద్దల దగ్గర కూడా ఉపాయం లేకపోయింది. మా అత్తయ్య ఆ మాటే అన్నారు: "దీపం బుడ్డీ ఉంది, కిరసనాయిలూ ఉంది. సెల్లు మాత్రం దీపం బుడ్డితో నడవదు కదమ్మా!"

ఆ లోటు తీర్చడానికి 2020 ఫిబ్రవరిలో కొన్న సోలార్ ఇన్వర్టరు సెట్టు గురించి, ఐదేళ్ళకు పైగా వాడిన తరువాత రాస్తున్న సమీక్ష ఇది. 850 వీఏ సైన్‌వేవ్ ఇన్వర్టరు, 150 ఆంపియర్ అవర్ ట్యూబులర్ బ్యాటరీ, డాబా మీద 330 వాట్ల సోలార్ పలక, ఇనప స్టాండు, తీగలు, బిగింపు కూలీ అన్నీ కలిపి మాకు అప్పట్లో రూ.32 వేలు అయింది. అమ్మిన దుకాణం మీద ఒక ఫిర్యాదు ఉంది కనుక దాని పేరూ, సరుకు కంపెనీల పేర్లూ రాయడం లేదు. ఈ కొలతల సెట్టును చాలా కంపెనీలు అమ్ముతున్నాయి, లోపల పని జరిగే తీరు కూడా దాదాపు ఒకటే.

ముందు ఆ ఫిర్యాదు సంగతి చెబుతాను, ఎందుకంటే కొనేవారికి ఎక్కువ నష్టం జరిగేది అక్కడే. దుకాణంవారు 330 వాట్ల పెద్ద పలక ఒక్కటి తెచ్చి బిగించి వెళ్ళారు. ఇంజనీరింగ్ చదువుతున్న మా మేనల్లుడు సెలవులకు వచ్చినప్పుడు తీగలో వెళ్ళే డీసీ కరెంటు కొలిచే క్లాంప్ మీటరును బ్యాటరీ తీగకు తగిలించి చూశాడు. ఎండ నడినెత్తిన ఉన్నప్పుడు కూడా బ్యాటరీలోకి ఎనిమిది ఆంపియర్లకు మించి వెళ్ళడం లేదు. ఎనిమిది ఆంపియర్లను పదమూడు వోల్టులతో గుణిస్తే 104 వాట్లు. అంటే 330 వాట్లకు డబ్బు ఇచ్చి, అందులో మూడో వంతు కూడా అందుకోలేకపోతున్నాం. లోపం పలకలో లేదు, జోడింపులో ఉంది. 72 సెల్లుల (అంటే పలకలో కనబడే గళ్ళు) పెద్ద పలక సుమారు 37 వోల్టుల దగ్గర, తొమ్మిది ఆంపియర్లకు కాస్త తక్కువగా ఇస్తుంది. చవక ఇన్వర్టర్లలో బ్యాటరీని నింపే పని చూసే పీడబ్ల్యూఎం చార్జ్ కంట్రోలరుకు వోల్టులను తగ్గించి ఆంపియర్లను పెంచడం తెలియదు. అది పలకను బ్యాటరీ వోల్టుల దగ్గరికి లాగేసి, వచ్చిన ఆంపియర్లను ఉన్నవి ఉన్నట్టుగా లోపలికి పంపుతుంది, మిగిలిన వోల్టులు దండగ. దుకాణానికి వెళ్ళి అడిగితే, "వాట్లు వాట్లేనమ్మా, ఎలా పెడితే ఏముంది?" అన్నారు. రెండు వారాలు తిరిగాక ఆ పలకను వెనక్కి తీసుకుని, 36 సెల్లుల 165 వాట్ల పలకలు రెండు ఇచ్చారు, రవాణా ఖర్చు మాత్రం మా మీదే వేశారు. వాటిని పక్కపక్కన ప్యారలల్‌లో, అంటే రెండింటి ఆంపియర్లూ కూడేలా కలిపిన మరుసటి రోజు మధ్యాహ్నం మీటరు పదహారు ఆంపియర్లు చూపింది. వాట్లు మారలేదు, డబ్బు మారలేదు, రాబడి రెట్టింపయింది.

కాబట్టి 12 వోల్టుల బ్యాటరీ, పీడబ్ల్యూఎం కంట్రోలరు ఉన్న సెట్టు కొనేవారు 36 సెల్లుల పలకలే అడగాలి, లేదా ఖర్చు ఎక్కువైనా, మిగులు వోల్టులను ఆంపియర్లుగా మార్చే ఎంపీపీటీ కంట్రోలరు ఉన్న ఇన్వర్టరు తీసుకోవాలి. బిల్లు చెల్లించే ముందే క్లాంప్ మీటరు తెప్పించి, ఎండలో బ్యాటరీ తీగకు తగిలించి చూపమనండి. మీటరు లేదన్న దుకాణంలో కొనకండి.

ఇక అసలు పరీక్ష 2021 సెప్టెంబరు 26 రాత్రి వచ్చింది. గులాబ్ తుపాను కళింగపట్నానికి ఉత్తరాన తీరం దాటిన రాత్రి అది. తిత్లీతో పోల్చదగిన గాలి కాదు గానీ, మా లైను మీద తాటిచెట్టు పడి నాలుగు రోజులు కరెంటు లేదు. తుపాను కబురు తెలిసిన రోజే రెండు పలకలనూ డాబా మీద నుంచి దించి, బియ్యం బస్తాలు పెట్టే గదిలో గోడకు ఆనించి, పాత దుప్పట్లు కప్పాం. ఒక్కో పలక పన్నెండు కిలోల లోపే కనుక నేనూ మావారూ అరగంటలో దించగలిగాం. ఆ పెద్ద పలక అయితే ఇరవై కిలోల పైమాటే, గాలి మొదలయ్యాక డాబా మెట్ల మీద దాన్ని మోసుకురావడం ప్రాణాపాయం. చిన్న పలకల వల్ల ఇలాంటి మేలు ఉందని కొనేటప్పుడు మాకు ఎవరూ చెప్పలేదు. ఉప్పుగాలికి బోల్టులు తుప్పు పట్టి పట్టేస్తాయి కనుక, ఏడాదికి రెండుసార్లు వాటిని విప్పి గ్రీజు రాయాలి. మొదటి ఏడాది రాయనందువల్ల ఒక బోల్టును రంపంతో కోయవలసి వచ్చింది.

బ్యాటరీ ఎంతసేపు వస్తుందన్నది అందరూ అడిగే మాట. లెక్కకు 150 ఆంపియర్ అవర్లను 12 వోల్టులతో గుణిస్తే 1800 వాట్ అవర్లు. అయితే ట్యూబులర్ బ్యాటరీని సగానికి మించి దించకుండా వాడితేనే ఎక్కువ కాలం మన్నుతుంది, కనుక చేతిలో ఉన్నది 900 అనుకోవాలి. మా ఇంట్లో తక్కువ కరెంటు తినే 28 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్లు రెండు ఎనిమిది గంటలు, తొమ్మిది వాట్ల ఎల్‌ఈడీ బల్బులు నాలుగు ఐదు గంటలు, నాలుగు ఫోన్ల చార్జింగు కలిపితే రాత్రికి 700 దాటదు. అవే పాత 75 వాట్ల ఫ్యాన్లు రెండయితే ఫ్యాన్లకే 1200 అవుతుంది, తెల్లవారేసరికి ఇన్వర్టరు కుయ్యిమని కూస్తుంది. అందుకని ఇన్వర్టరు కొనడానికి ముందు ఫ్యాన్లు మార్చుకోవడం మంచిదని నా అభిప్రాయం. ఇంకొక సంగతిని ప్రకటనల్లో రాయరు. ఏ లైటూ వెయ్యకపోయినా ఇన్వర్టరు తన కోసం తాను గంటకు పన్నెండు, పదిహేను వాట్ అవర్ల దాకా తింటూ ఉంటుంది. రోజంతా ఆన్‌లో ఉంచితే ఒక ఫ్యాను రాత్రంతా తిరిగే దానికంటే ఎక్కువ కరెంటు ఊరికే పోతుంది. గులాబ్ నాలుగు రోజులూ పగలు దాన్ని ఆపేసి ఉంచాం, పలకలు మళ్ళీ ఎక్కించాక బ్యాటరీ నింపే పని వాటికి వదిలేశాం.

నింపుకోవడం కూడా ఆకాశాన్ని బట్టే ఉంటుంది. వాన తెరిపిచ్చాక పలకలు మళ్ళీ ఎక్కించిన మొదటి రోజు మబ్బు వీడలేదు, మధ్యాహ్నం కూడా మూడు ఆంపియర్లే వచ్చాయి. ఆ రాత్రి ఒక ఫ్యాను, రెండు లైట్లతో సరిపెట్టుకున్నాం. మరుసటి రోజు ఎండ కాసింది, నాలుగు గంటలపాటు పదిహేను ఆంపియర్ల దగ్గర నిలిచింది, సాయంత్రానికి ముందురోజు వాడినదంతా తిరిగి చేరింది. పలకలు లేని ఇన్వర్టరు ఒక్క రాత్రి చుట్టం మాత్రమే. లైను వారాల తరబడి రాకపోతే రెండో రోజుకే అది మూలన పెట్టిన పెట్టె.

ఇది చేయలేనివీ ఉన్నాయి. నుయ్యి మీద ఉన్న అర హార్స్‌పవర్ మోటారును వేసి చూశాం, వేసిన మరుక్షణమే ఓవర్‌లోడ్ అని ఆగిపోయింది. మోటారు తిరగడం మొదలుపెట్టేటప్పుడు లాగే కరెంటు, తరువాత లాగే దానికి ఎన్నో రెట్లు ఉంటుంది, ఈ సైజు ఇన్వర్టరు దాన్ని తట్టుకోదు. కనుక నీళ్ళకు చేదే గతి. తుపాను హెచ్చరిక రాగానే ట్యాంకూ, పెరట్లో సిమెంటు గాబూ, ఇంట్లో బిందెలూ నింపి పెట్టుకోవడమన్న పాత పద్ధతిని ఇన్వర్టరు ఉందని మానుకోకూడదు. మిక్సీ సంగతి కూడా అంతే, ఆ నాలుగు రోజులూ పచ్చడి రోట్లోనే నూరాం. అత్తయ్యకు అది సంతోషమే అయింది.

డాబా మీద సోలార్ ఉంటే చాలు తుపానుకు బెంగలేదని అనుకునేవారికి ఒక మాట. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం కింద మూడు కిలోవాట్లకు రూ.78 వేల వరకు రాయితీ వస్తుంది. మా బంధువుల్లో ఇద్దరు అలా పెట్టించుకున్నారు, కరెంటు బిల్లు బాగా తగ్గింది కూడా. కానీ బ్యాటరీ లేకుండా లైనుకు కలిపిన ఆన్‌గ్రిడ్ సోలార్, లైనులో కరెంటు పోగానే తానూ ఆగిపోతుంది. స్తంభం మీద పనిచేసే లైన్‌మన్‌కు షాక్ కొట్టకుండా కావాలనే అలా తయారుచేస్తారు. మిట్టమధ్యాహ్నం ఎండలో మూడు కిలోవాట్ల పలకలు మెరుస్తూ ఉన్నా ఇంట్లో ఫ్యాను తిరగదు. బిల్లు తగ్గించుకోవడానికి అది, తుపాను గట్టెక్కడానికి ఇది. రెండూ వేరు వేరు సరుకులు, అమ్మేవారు మాత్రం రెండింటినీ ఒకే గొంతుతో అమ్ముతున్నారు.

బ్యాటరీ పెట్టే చోటు గురించి కూడా చెప్పాలి. దుకాణంవారు దాన్ని మెట్ల కింద నేల మీద, చక్రాల బండిలో పెట్టారు. విజయవాడ సింగ్‌నగర్‌లో ఉంటున్న మా ఆడపడుచు ఇంట్లోనూ అలాగే ఉండేది. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి వీధుల్లోకి వచ్చినప్పుడు వాళ్ళింట్లో మొట్టమొదట మునిగింది అదే, కరెంటు అత్యవసరమైన గంటలోనే అది పనికి రాకుండా పోయింది. ఆ కబురు విన్న వారంలోనే మేము మూడడుగుల ఎత్తున సిమెంటు పలకతో అరుగు కట్టించి బ్యాటరీనీ, ఇన్వర్టరునూ దాని మీదికి ఎక్కించాం. ఆ గదికి కిటికీ ఉండేలా చూసుకోవాలి, ఎందుకంటే చార్జింగు సమయంలో బ్యాటరీ నుంచి మండే గుణమున్న హైడ్రోజన్ వెలువడుతుంది. దీపం బుడ్డినీ, అగరుబత్తినీ దాని దగ్గరికి తేకూడదు.

నిర్వహణ పెద్ద బరువు కాదు గానీ మరిచిపోతే మాత్రం ఖరీదవుతుంది. మూడు నెలలకు ఒకసారి ఆరు మూతల మీద నీటిమట్టం చూపే బిరడాలు ఎరుపు గీత దగ్గరికి దిగాయా అని చూసి, డిస్టిల్డ్ వాటర్ పోయాలి. వాన నీళ్ళూ, ఆర్వో నీళ్ళూ పనికిరావు. టెర్మినళ్ళ మీద తెల్లగా, ఆకుపచ్చగా పేరుకునే పొడిని వేడినీళ్ళతో కడిగి వ్యాజ్‌లైన్ రాయాలి. పలకల మీద ఉప్పూ దుమ్మూ పడితే రాబడి తగ్గుతుంది, వేసవిలో వారానికోసారి ఉదయం చల్లటి పూట తుడవాలి.

ఐదో ఏడు దాటాక బ్యాటరీ నిలుపు తగ్గింది, తొలి రోజుల్లో రాత్రంతా వచ్చినది ఇప్పుడు తెల్లవారకముందే కూస్తోంది. అది వయసు వల్ల వచ్చేదే కనుక దాన్ని లోపమని అనను. ఇన్వర్టరు ఒక్కసారే, పిడుగు పడినప్పుడు ఫ్యూజు పోయి ఆగింది. అప్పుడే ఎర్తింగు సరిగా లేదని తెలిసి, ఉప్పూ బొగ్గూ వేసి కొత్త గొయ్యి తీయించాం. పలకలు మాత్రం ఇప్పటికీ మంచి ఎండలో పదిహేను ఆంపియర్లు ఇస్తున్నాయి. పాత బ్యాటరీ మార్పిడి కింద ఇచ్చి, ఈసారి సోలార్ కోసం తయారైన సీ10 రకం (పది గంటల్లో ఖాళీ అయ్యే లెక్కన సామర్థ్యం కట్టినది) తీసుకోవాలని అనుకుంటున్నాం. పలకల జోలికి పోము, ఇన్వర్టరును మాత్రం ఎంపీపీటీ రకానికి మారుస్తాం. అక్టోబరు రాకముందే ఆ పని ముగించాలని మావారు సోంపేటలో రెండు దుకాణాలు తిరిగి వచ్చారు. ఒకరి దగ్గర క్లాంప్ మీటరు ఉంది, రెండోవారు దాన్ని ఎందుకని అడిగారు.