ఢాకా, జాఫ్నా: సైన్యాన్ని పంపిన రెండు తీర్లలో ఏది మేలు?

పొరుగు దేశంలోకి సైన్యాన్ని ఎప్పుడు పంపాలన్న ప్రశ్నకు మన చరిత్రలోనే రెండు జవాబులున్నాయి: 1971 నాటి తూర్పు పాకిస్తాన్ (తూర్పు బెంగాల్, నేటి బంగ్లాదేశ్), 1987 నాటి శ్రీలంక. రెండు చోట్లా సరిహద్దు అవతల జనం హింసకు గురయ్యారు, రెండు చోట్ల నుంచీ శరణార్థులు మన దేశానికి వచ్చారు. కారణాల్లో ఇంత పోలిక ఉన్నా ఫలితాలకు పొంతనే లేదు.

1971 మార్చి 25 రాత్రి ఢాకాలో పాకిస్తాన్ సైన్యం మారణకాండకు దిగాక, కొన్ని నెలల్లోనే దాదాపు కోటిమంది భారత్‌కు తరలివచ్చారు. వెంటనే కదలాలన్న ఒత్తిడి ఉన్నా ఇందిరాగాంధీ ప్రభుత్వం చలికాలం దాకా ఆగింది. వానాకాలంలో నదులు పొంగితే తూర్పు బెంగాల్‌లో ట్యాంకులు కదలవు. హిమాలయ కనుమలు మంచుతో మూసుకుపోతే చైనా జోక్యం చేసుకోవడం కష్టమవుతుంది. ఈలోగా బెంగాలీ విమోచన దళమైన ముక్తివాహినికి శిక్షణ సాగింది, ఆగస్టు 9న సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది. డిసెంబరు 3న పాకిస్తాన్ మన వైమానిక స్థావరాలపై దాడి చేసేనాటికి సైన్యానికి తన లక్ష్యమేమిటో తెలుసు. పదమూడు రోజులకు ఢాకా రేస్‌కోర్సు మైదానంలో, ఆరుబయట వేసిన చిన్న బల్ల మీద, తూర్పున పాకిస్తాన్ సేనాధిపతి జనరల్ నియాజీ లొంగుబాటు పత్రంపై సంతకం చేశాడు. 1972 మార్చికల్లా మన ప్రధాన బలగాలు తిరిగివచ్చాయి. నా దృష్టిలో ఢాకా చేరడం ఎంత గొప్పదో, అక్కడ ఉండిపోకుండా రావడమూ అంతే గొప్పది.

అయితే ఆ నిరీక్షణకు మూల్యం చెల్లించింది మనం కాదు. మనం సిద్ధమవుతున్న ఎనిమిది నెలలూ తూర్పు బెంగాల్ పల్లెలు తగలబడుతూనే ఉన్నాయి. ఆగడమే సరైనదని నేను నమ్ముతాను, కానీ ఆ మాటను తేలిగ్గా అనలేను.

శ్రీలంకలో ఇలాంటి సన్నద్ధత కనిపించదు. 1987 జూలై 29న రాజీవ్‌గాంధీ, శ్రీలంక అధ్యక్షుడు జయవర్ధనే కొలంబోలో సంతకాలు చేసిన ఒప్పందంలో ప్రత్యేక తమిళ రాజ్యం కోసం పోరాడుతున్న సాయుధ సంస్థ ఎల్‌టీటీఈ భాగస్వామి కాదు. అయినా దాని ఆయుధాలను అప్పగింపజేసే బాధ్యత మన శాంతి పరిరక్షక దళంపై పడింది. మూడు నెలలు తిరక్కుండానే, ఏ తమిళుల రక్షణ కోసం వెళ్లారో వారి మధ్యే మన జవాన్లు యుద్ధం చేయవలసి వచ్చింది. అక్టోబరు 11 అర్ధరాత్రి దాటాక శ్రీలంక ఉత్తరాన ఉన్న జాఫ్నా విశ్వవిద్యాలయ ప్రాంగణంలో హెలికాప్టర్ల నుంచి సిక్కు లైట్ ఇన్‌ఫాంట్రీకి చెందిన ముప్పైమంది దిగారు. కాల్పుల తీవ్రతకు మిగతా దళం దిగలేకపోయింది. తెల్లవారాక కూడా పోరాడిన ఆ ముప్పైమందిలో ప్రాణాలతో మిగిలింది ఒక్కరే. చివరకు జయవర్ధనే తర్వాత అధ్యక్షుడైన ప్రేమదాస వెళ్లిపొమ్మన్నాడు. 1990 మార్చిలో దళం వెనుదిరిగేసరికి వెయ్యిమందికి పైగా సైనికులు మరణించారు.

జాప్యం చేస్తే అవకాశం పోతుందనేవారు 1988 నవంబరు నాటి మాల్దీవులను చూపిస్తారు. అక్కడ అధ్యక్షుడు గయూమ్ కోరిన రోజు రాత్రికే ఆగ్రా నుంచి మన పారాట్రూపర్లు హులులే విమానాశ్రయంలో దిగి తిరుగుబాటును అణిచారు. కానీ పిలిచిందెవరో, ఎదిరించవలసింది ఎవరినో, పని ఎక్కడ ముగుస్తుందో అక్కడ ముందే తేలిపోయింది. జాఫ్నాలో లోపించింది సరిగ్గా అదే.

కనుక నా మొగ్గు 1971 తీరుకే. మన రాజ్యాంగం ప్రకారం సైన్యాన్ని బయటికి పంపడానికి పార్లమెంటు ముందస్తు ఆమోదం అవసరం లేదు. దాడిని తిప్పికొట్టడానికి ఆ వెసులుబాటు ఉండాలి. పరాయి గడ్డపై నెలల తరబడి సైన్యాన్ని ఉంచే సందర్భంలో మాత్రం లక్ష్యమేమిటో, ఏది జరిగితే తిరిగివస్తారో ప్రభుత్వం రాతపూర్వకంగా సభ ముందుంచాలి.